క్రోన్స్ (పేగుల్లో వాపు, పుండ్లు వచ్చే జబ్బు) ఉన్న మా బాబు ఎత్తు ఆగిపోయింది, గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ వేయించాలా?

బ్రాడీపేట అమ్మ:
మాది గుంటూరండి. బాబుకి 13 నిండాయి. మొదట టీబీ అనుకుని ఆరు నెలలు ఆ మందులే మింగించాం, తర్వాత క్రోన్స్ అని తేలి ఏడాదిన్నర అయింది. స్టెరాయిడ్ రెండు కోర్సులయ్యాయి, వాడినన్నాళ్ళూ బాగుంటాడు, ఆపితే మళ్ళీ కడుపునొప్పి. వాడి పుట్టినరోజుకి వంటింటి గుమ్మం పక్కన పెన్సిల్ గీత పెట్టడం మాకు అలవాటు. ఈసారి గీత పాత గీతకి బొటనవేలి మందం పైన పడింది, టేపు పెడితే 2 సెంటీమీటర్లు. మూడేళ్ళు చిన్నదైన చెల్లెలు దాదాపు వాడి ఎత్తుకి వచ్చేసింది. గొంతు మారలేదు, మీసం జాడ లేదు. మా ఆడపడుచు హార్మోన్ ఇంజెక్షన్ వేయించెయ్ అంటోంది. ఎవరైనా వేయించారా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

గవర్నర్‌పేట కుర్రోడు:
బాస్కెట్‌బాల్‌లో చేర్పించండి ఆంటీ, మా తమ్ముడు ఒక్క ఏడాదిలో సర్రున పెరిగాడు.

పీజీ పిల్లల వార్డు:
తమ్ముడికి పేగులో పుండ్లు లేవు కదా బాబూ. మేడమ్, ఇలాంటి పిల్లల్లో చాలామందికి గ్రోత్ హార్మోన్ తక్కువై ఎదుగుదల ఆగదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని పంపుతూనే ఉంటుంది, కానీ పేగు వాపు వల్ల ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి వాపు రసాయనాలు రక్తంలో పెరిగితే లివర్ ఆ హార్మోన్ మాట వినదు, ఎముకని పెంచే ఐజీఎఫ్-1 సరిగా తయారుచేయదు. దానికి తోడు తిండి సరిపోదు, పైన స్టెరాయిడ్ ఎముక చివర పెరుగుదలని తొక్కేస్తుంది. ఇన్ని ఉండగా బయటినుంచి హార్మోన్ పోస్తే ఏం లాభం? చిన్న చిన్న అధ్యయనాల్లో ప్రయత్నించారు గానీ మామూలుగా రాసే మందు కాదు. ముందు ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీయించి ఎముక వయసు చూడమనండి, అది వెనకబడి ఉంటే మంచిదే, పెరగడానికి ఇంకా టైమున్నట్టు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపు ఎంతుందో చెప్పే పరీక్ష), డి విటమిన్, థైరాయిడ్ కూడా అడగండి. యుక్తవయసు దాటి ఎముక చివర పెరిగే భాగాలు మూసుకున్నాక మాత్రం ఏ మందూ ఎత్తు తేలేదు, అందుకే వాయిదా వేయొద్దు. స్టెరాయిడ్‌ని మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి.

పటమట నాన్న:
అక్కా, మా పాపకి 11లో ఇదే గొడవ. స్టెరాయిడ్ బదులు ఎనిమిది వారాలు ఒక్క ఫార్ములా పాలే తాగించారు, అన్నం, కూర, చివరికి చారు కూడా లేదు. సరిగ్గా ఇంట్లో ఆవకాయ కలిపే రోజులు. ఆవపిండి ఘాటుకి అది గుమ్మం దగ్గరే నిలబడి వాసన పీల్చుకుంటుంటే మా ఆవిడ జాడీ తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టొచ్చింది, మేమూ అక్కడే నిలబడి నాలుగు ముద్దలు తినొచ్చేవాళ్ళం, దొంగల్లాగా. పేగు నెమ్మదించింది గానీ కొన్ని నెలలకి మళ్ళీ తిరగబెడితే ఇన్‌ఫ్లిక్సిమాబ్ (టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే మందు) మొదలుపెట్టారు. అంతకుముందు టీబీ లేదని గట్టిగా చూశారు, ఆ మందు దాగున్న టీబీని లేపుతుందట. మీవాడికి టీబీ మందులు వాడిన సంగతి తప్పక చెప్పండి. మరుసటి ఏడాది 7 సెంటీమీటర్లు పెరిగింది. ఖర్చు మాత్రం అడక్కండి.

పీజీ పిల్లల వార్డు:
ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటివి యుక్తవయసుకి ముందో, మొదట్లోనో పడితేనే ఎత్తుకి బాగా కలిసొస్తుంది. మేడమ్, మీ ఇద్దరి ఎత్తులు సెంటీమీటర్లలో కూడి, అబ్బాయి కాబట్టి 13 కలిపి, సగం చేయండి. వాడు చేరాల్సిన ఎత్తు సుమారుగా అది.

బ్రాడీపేట అమ్మ:
ఆయన 170, నేను 157. అంటే 170. ఇప్పుడు 138 ఉన్నాడు. నిన్న ఎక్స్‌రే తీయించాం, ఎముక వయసు పదిన్నర అన్నారు. వినగానే ఏడుపొచ్చింది, మీరు రాసింది మళ్ళీ చదివాక కాస్త ఊపిరి తీసుకున్నాను. డాక్టరుగారు కూడా ముందు ఆ పాల పద్ధతే చూద్దామన్నారు. పటమట అన్నయ్యా, పాప ఏ ఫ్లేవర్ తాగింది? వీడు వెనీలా డబ్బా మూత తీస్తేనే మొహం తిప్పేస్తున్నాడు.