57 ఏళ్ల వయసులో నైట్ డ్యూటీ: సూపరింటెండెంట్‌ని ఏమని అడగాలి?

నేను తెలంగాణలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, మగవాళ్ల మెడికల్ వార్డులో నర్సుగా చేస్తున్నాను. సర్వీసు 31 ఏళ్లు. 2021లో రిటైర్మెంట్ 58 నుంచి 61కి పెంచారు కాబట్టి ఇంకా నాలుగేళ్లుంది. నైట్ అంటే రాత్రి 8 నుంచి పొద్దున 8. నలభై మంచాలకు ఇద్దరం. తెల్లవారుజామున మూడింటికి కుర్చీలోంచి లేవాలంటే మోకాలు పట్టేస్తుంది. పోయిన నెల ఒక ఆంప్యూల్ (ఇంజెక్షన్ మందుండే చిన్న గాజు సీసా) మీద పేరు కనబడక, బాత్రూం లైటు కిందికి తీసుకెళ్లి చదివాను. తప్పు జరగలేదు. కానీ ఆ భయం ఇంకా పోలేదు.

పని తప్పించమని నేను అడగడం లేదు. డయాలసిస్ పేషెంట్లకు సూదికి నరం దొరక్కపోతే జూనియర్ నర్సు పిల్లలు ఇప్పటికీ నన్నే పిలుస్తారు. నోరు తెరిస్తే "వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకోండి సిస్టర్" అంటున్నారు. ఎవరైనా అడిగి ఏమైనా మార్పించుకున్నారా?

హెడ్ నర్సు, గుంటూరు వైపు:
సిస్టర్, "లైట్ డ్యూటీ" అని మాత్రం రాయకండి, ఆ మాటకే పక్కన పెట్టేస్తారు. ఏం కావాలో విడివిడిగా రాసి, ఆర్థో (ఎముకల) డాక్టర్ సర్టిఫికెట్ జతచేయండి. నేను వరసగా ఆరు నైట్‌లు వద్దు, రెండు చేసి మధ్యలో గ్యాప్ ఇవ్వండి అని రాశాను. మూడుసార్లు తిరిగాక ఒప్పుకున్నారు. మాకు ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి రిటైర్మెంట్ 62 ఏళ్లు, నాకింకా రెండేళ్లుంది. వార్డు బదులు టీకాల గదిలో డ్యూటీ అడగాలనుకుంటే, అడిగేముందు ఒకసారి వెళ్లి చూడండి, అక్కడా రోజంతా నిలబడే ఉండాలి.

యూకే నుంచి:
అక్కా, నడుము నొప్పి మన వృత్తిలో భాగమనే అనుకునేదాన్ని. ఇక్కడ రోగిని చేతులతో ఎత్తనివ్వరు, 1992 నుంచే దానికి నిబంధనలున్నాయి. మంచం నడుము ఎత్తుకు లేపి, కింద జారే నైలాన్ గుడ్డ వేసి ఇద్దరం జరుపుతాం. మన దగ్గర హ్యాండిల్ తిప్పి లేపే క్రాంక్ మంచాలున్నా హ్యాండిల్ తుప్పు పట్టి తిరగదు. ముందు అవి బాగు చేయించండి.

స్టాఫ్ నర్స్, 29 ఏళ్లు:
మేడం, మీ బాధ నిజమే. కానీ మీ నైట్‌లు తగ్గితే అవి మా మీదే పడతాయి. నాకు ఏడాదిన్నర పాప ఉంది. టీచింగ్ కాని ఆసుపత్రుల్లో జనరల్ వార్డులో అయిదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిలే చెబుతోంది. మీ లెటర్‌లో నర్సు పోస్టులు పెంచాలన్న మాట కూడా రాస్తే నేనూ సంతకం పెడతాను. ఈలోగా రోగుల్ని పక్కకు తిప్పడం మేం చూసుకుంటాం, దొరకని నరాలు మీరు చూడండి.

ప్రశ్న అడిగినామె:
పాప సంగతి చదివి మనసుకు కష్టంగా అనిపించిందమ్మా. నా పిల్లల్నీ అలాగే వదిలేసి నైట్‌లకు వచ్చాను. లెటర్ అందరి పేరునా రాస్తాను: పోస్టులు, రెండు నైట్‌ల తర్వాత గ్యాప్, మందుల ట్రాలీ దగ్గర మంచి లైటు, భూతద్దం. రేపు డ్యూటీకి వెళ్లగానే మంచాల హ్యాండిళ్లు ఎన్ని తిరుగుతున్నాయో లెక్కపెట్టి, అదీ రాస్తాను.