విల్లులో బాణం ఆనే చోటు: ‘తిన్నె’ అందామా?

చెన్నైలో విలువిద్య నేర్చుకుంటున్న కొందరు తెలుగు పిల్లలు నన్ను అడిగిన ప్రశ్న ఇది. విల్లు, నారి, బాణం, అమ్ములపొది అనే మాటలు వాళ్ళకు తెలుసు. చేతిపట్టుకు సరిగ్గా పైన, బాణం ఆనడానికి చెక్కలో గట్టులా చెక్కిన చోటు ఉంటుంది కదా, దాన్నేమనాలి? శిక్షణలో అందరూ ‘షెల్ఫ్’ అంటారు, దానిమీద అతికించే తోలుముక్కను ‘ప్యాడ్’ అంటారు. ఆ మాటల పక్కన మన మాట కూడా ఒకటి ఉండాలని నా కోరిక.

ముందు అమరకోశం చూశాను. క్షత్రియవర్గంలో ఈ శ్లోకం ఉంది:

కోటిరస్యాటనీ గోధాతలే జ్యాఘాతవారణే
లస్తకస్తు ధనుర్మధ్యం మౌర్వీ జ్యా శింజినీ గుణః

వింటికొనకు కోటి, అటని అని పేర్లు. చేత్తో పట్టుకునే నడిమిభాగం లస్తకం. నారి దెబ్బ తగలకుండా ముంజేతికి కట్టుకునే తోలు గోధ, తలం. (గోధ అంటే ఉడుము కూడా.) నారికైతే నాలుగు పేర్లు. బాణం ఆనే చోటుకు ఒక్కటీ లేదు.

అమరసింహుడు మరిచిపోయాడని నేననుకోను. పాతకాలపు వెదురు విల్లుకు అలాంటి గట్టు ఉండదు. విల్లు పట్టిన పిడికిలి మీదే బాణం ఆనుతుంది, అక్కడినుంచే దూసుకుపోతుంది. ఈక మొదలు గీసుకుంటే గాయమయ్యేది చేతికే. అందుకే పాత మాటలన్నీ విలుకాడి ఒంటిని కాపాడేవి: ముంజేతికి జ్యాఘాతవారణం, వేళ్ళకు అంగుళిత్రాణం. గట్టు చెక్కిన విల్లులో ఆ రాపిడంతా కర్ర మీద పడుతుంది. ఇప్పుడు మనకు కావలసింది విల్లును కాపాడే వస్తువుకు పేరు.

విజయవాడ జ్యోతి సురేఖ గారు 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతో, అంటే కొనల్లో కప్పీలుండే ఆధునిక విల్లుతో. అందులో బాణం ఆనేది విడిగా బిగించే పరికరం మీద. దాన్ని ‘రెస్ట్’ అనే పిలుద్దాం. నేనడుగుతున్నది చెక్క విల్లు సంగతి.

మాంబళం నుంచి ఒక వ్యాఖ్య:
నమస్కారం మాస్టారూ. గట్టుకు ‘శరాధారం’, దానిమీది తోలుకు ‘వింటిత్రాణం’ అంటే సరిపోదా?

జవాబు:
‘శరాధారం’ తప్పు కాదండీ. కానీ అది వింటే ముందు పొదే గుర్తొస్తుంది. ‘శరధి’ అంటే అమ్ములపొదే కదా. ‘వింటిత్రాణం’ వైరిసమాసం, తెలుగు మాటకు సంస్కృతాన్ని అతికించినట్టు ఉంటుంది. ‘ధనుస్త్రాణం’ అంటే వ్యాకరణం సరిపోతుంది గానీ వింటిలో ఏ భాగాన్ని కాపాడుతుందో తెలియదు.

నా ఓటు ‘తిన్నె’కు. ఇంటి ముందు అరుగులాగే ఇది కూడా ఒక చిన్న ఎత్తు, బాణం బయల్దేరే ముందు కూర్చునే చోటు. ఈ ఊళ్ళో తమిళులు తిణ్ణై అంటారు కాబట్టి మన పిల్లలకు మళ్ళీ అర్థం చెప్పక్కర్లేదు. తిన్నె పక్కన నిలువుగా ఉండే గోడను ‘చెంప’ అందాం. రెండింటి మీదా అతికించేది ‘మెత్త’. తిన్నెమెత్త, చెంపమెత్త. నోరు తిరగని మాట ఒక్కటీ లేదు.

పెరంబూరు నుంచి ఒక వ్యాఖ్య:
మా అమ్మాయి విల్లు లాగుతుంటే గరగరమంటోందండీ. నారి చప్పుడేమో అనుకుని దానికి ఉన్ని కుచ్చులు కట్టాం, ఏమీ తగ్గలేదు. దీనికీ మీ తిన్నెకూ సంబంధం ఉందా?

జవాబు:
ఉందమ్మా, చాలా ఉంది. ఇక్కడ మన అనుకరణ పదాలు బాగా పనికొస్తాయి. చప్పుడుకు సరైన మాట దొరికితే అది ఎక్కడ పుడుతోందో సగం తెలిసినట్టే.

బాణం వదిలాక వచ్చే ఝుమ్మనే మోత నారిది. కావ్యాల్లో టంకారం అదే. శ్లోకంలోని ‘శింజిని’ కూడా చప్పుడును బట్టి వచ్చిన పేరే. నగల సవ్వడిని అదే కోశం ‘శింజితం’ అంటుంది. ఆ మోతకు ఉన్ని కుచ్చులు పనిచేస్తాయి. తగ్గకపోతే నారికి, పట్టుకు మధ్య ఉన్న దూరం సరిచూడాలి.

లాగేటప్పుడు వచ్చే గరగర మాత్రం తిన్నెదే. ఉత్త చెక్క మీద బాణపుకర్ర రాసుకుంటోంది. కార్బన్ బాణమైతే మరీ ఎక్కువ వినిపిస్తుంది. బాణాన్ని ఆనించేటప్పుడు టక్కుమంటే అదీ అక్కడిదే. వదిలిన క్షణంలో టప్పుమని చిన్న దెబ్బ వినిపిస్తే బాణపు వెనక భాగం, అంటే పుంఖం, తిన్నెకు తగులుతోందేమో చూడాలి. (‘పుంఖానుపుంఖాలుగా’ అని మనం రోజూ అనే మాటలోది ఈ పుంఖమే.) పక్షి ఈకలు తగిలినా వంగి సాగిపోతాయి. ప్లాస్టిక్ రెక్కలు వంగవు, బాణాన్నే పక్కకు నెడతాయి. తిన్నె మీదినుంచి వేసే విల్లుకు ఈకల బాణాలే వాడమనేది అందుకే.

మెత్తకు పలచని తోలు, ఫెల్ట్, వెల్క్రోలో మెత్తని వైపు, పొట్టి వెంట్రుకలున్న తోలు, ఏదైనా పనికొస్తుంది. వెంట్రుకలుంటే అవి లక్ష్యం వైపు వాలాలి. ఎదురు వాలితే ప్రతి బాణానికీ అడ్డుపడతాయి. బాణం తిన్నె పొడవునా ఆనకూడదు, ఒక్కచోటే ఆనాలి. తిన్నె ముందే కొద్దిగా గుండ్రంగా చెక్కి ఉంటే సరే, లేకపోతే పట్టులో బాగా లోతుగా ఉన్న చోటుకు సరిగ్గా పైన, తోలు కింద ఒక అగ్గిపుల్ల అడ్డంగా పెట్టండి. రాపిడి తగ్గుతుంది, ఈకలకూ చోటు దొరుకుతుంది.

చెంపమెత్త మందంగా వేయకండి. కుడిచేత్తో నారి లాగేవాళ్ళకు బాణం మొన ఎడమకు తిరిగిపోతుంది, గురి మారుతుంది.

మెత్త అరిగినా పిల్లలు చెప్పరు, మనమే చూసుకోవాలి. కింద వార్నిష్ పోతే ఈ సముద్రపు గాలికి, వానకు చెమ్మ నేరుగా కర్రలోకి దిగుతుంది. తోలు తడిస్తే నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే గట్టిపడి మళ్ళీ గరగరే.

పెరంబూరు నుంచే మళ్ళీ:
అర్థమైందండీ. పాత తోలుముక్క ఇంకా అంటుకునే ఉంది. చాకుతో తీసేయొచ్చా?

జవాబు:
చాకు వద్దమ్మా, వార్నిష్ లేచిపోతుంది. జుట్టు ఆరబెట్టే మిషన్‌తో కాస్త వేడి తగిలించి ఒక అంచు నుంచి మెల్లగా లాగండి. కొత్త తోలు కోసం పెరియమేట్ వెళ్ళండి, తోలు వ్యాపారమంతా అక్కడే కదా. తిన్నెకు కావలసింది రెండు వేళ్ళంత ముక్కే. రెండువైపులా జిగురుండే టేపుతో అతికిస్తే మళ్ళీ మార్చుకోవడం సులువు. కొత్త మెత్త పాతదానికంటే ఎంత ఎత్తు పెరిగిందో చూసుకుని, నారి మీద బాణపు గాడి తగిలించే గుర్తును కూడా అంతే పైకి జరపండి. చాలామంది దాన్ని తిన్నెకు అర అంగుళం పైన పెట్టి మొదలుపెడతారు, తర్వాత బాణం పోయే తీరు చూసి సర్దుకుంటారు.