అప్‌డేట్: పాత సినిమా పాటల్లో గొంతు సన్నగా వినిపించడం (పరిష్కారమైంది)

'మాయాబజార్' (1957) కాపీలో ఘంటసాల గొంతు రికార్డులో కంటే సన్నగా, పాట తొందరగా ఎందుకుందని అడిగాను. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్.

ఫ్రేమ్ రేట్ చూడమన్న సలహానే నిజమైంది. ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేములు. పాల్ (PAL, సెకనుకు 25 ఫ్రేముల టీవీ పద్ధతి) డీవీడీ కోసం దాన్ని 25తో నడిపేస్తే 180 నిమిషాల సినిమా సుమారు 173కే అయిపోతుంది, శృతి దాదాపు 0.7 స్వరస్థానం పైకెళ్తుంది. నా ఫైలు సరిగ్గా ఇదే.

వీఎల్‌సీలో (కంప్యూటర్‌లో వీడియోలు చూసే ప్లేయర్) స్పీడ్ 0.96 పెట్టండి. అదొక్కటే చాలదు: ప్రిఫరెన్సెస్‌లో ఆడియో కింద టైమ్-స్ట్రెచింగ్ టిక్ తీసేసి, ప్లేయర్ మూసి తెరవాలి. అది ఉంటే వేగం తగ్గుతుంది గానీ శృతి దిగదు. ముందు రికార్డుతో పోల్చుకోండి. కొన్ని కాపీల్లో శృతి ముందే సరిచేసి ఉంటుంది, అప్పుడు టిక్ ఉంచేయాలి.

స్పీకర్లు, హెచ్‌డీఎంఐ కేబుల్, ఈక్వలైజర్‌లకు దీంతో సంబంధం లేదు. ముఖాలు వెడల్పుగా కనిపించడం వేరే సమస్య: టీవీలో 4:3 ఎంచుకుంటే పోయింది.

ఇప్పుడు 'లాహిరి లాహిరి' ఎంత నింపాదిగా సాగుతుందో! ఆ పాటకు ఆ నడకే ప్రాణం.