పులికాట్‌లో వలకు హద్దు ఎవరు పెట్టాలి: ప్రభుత్వమా, జాలర్ల ఊరి పెద్దలైన కాపులా?

దొరవారిసత్రం (చర్చ మొదలుపెట్టినవారు)
మొన్న ఆదివారం సూళ్లూరుపేట మార్కెట్లో రొయ్యలు చూశాను. ఒక్కోటి చిటికెన వేలి గోరంత ఉంది. తల తీస్తే ఇక మిగిలేది పొట్టే. పెద్దవి లేవా అని అడిగితే, అమ్మే ఆమె "ఉంటే దాచుకుంటానా నాయనా" అంది.

నేననేది ఇది. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపుతున్నారు కదా, సరస్సులో కూడా కొన్నాళ్లు ఆపాలి. దోమతెరలాంటి సన్నకన్ను వలలు పూర్తిగా తీసేయాలి. పులికాట్‌లో ఆరింట అయిదు వంతులు మన వైపు, మిగతాది తమిళనాడు వైపు ఉంది. ఒక ఒడ్డున నిషేధం పెట్టి ఇంకో ఒడ్డున వేట సాగితే ఏం లాభం? రెండు రాష్ట్రాలూ ఒకే జీవో ఇచ్చి, ఒకే రోజు నుంచి అమలు చేయాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

కాలువగట్టు
అన్నా, కాదంటున్నాను. మాది వల ఇల్లు.

మీరు చెప్పిన 61 రోజులు సముద్రం లెక్క. ఆ నెలల్లో సరస్సు ఉత్తరం వైపు సగం ఎండి పగుళ్లిచ్చి ఉంటుంది, అక్కడ ఆపడానికి వేటే ఉండదు. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు పోటు నీళ్లతో ముఖద్వారం దాటి లోపలికొస్తాయి. మూడు నాలుగు నెలలు ఇక్కడ మేసి, ఒళ్లు చేశాక అమావాస్యకో పున్నమికో పాటు నీళ్లతో, అంటే సముద్రంలోకి వెనక్కి లాగే నీళ్లతో, తిరుగుముఖం పడతాయి. వాకాడు మండలంలో రాయదొరువు దగ్గర ఇసుక మేట వేసి దారి మూసుకుపోతుంటే పిల్ల ఎట్లా వస్తుంది? వీధి తలుపు గడియ పెట్టేసి, చుట్టాలు రావడం లేదని వంటమనిషిని తిట్టినట్టుంది మీ వాదన. ముందు పూడిక తీయమనండి. తీస్తామన్న మాట ఎన్నికలకోసారి వింటూనే ఉన్నాం.

లెక్కలపంతులు
కాలువగట్టు గారు చెప్పిన ముఖద్వారం సంగతి నిజమే. కానీ వచ్చే పిల్లే తక్కువైనప్పుడు, వచ్చినదాన్ని గోరంత ఉండగానే పట్టేస్తే నష్టం రెట్టింపు కాదా? పూడిక తీసేదాకా దోమతెరలు ఉండనిద్దామా?

అయితే జీవోతో పని జరుగుతుందని నాకూ నమ్మకం లేదు. మన వైపు సరస్సు 1976 నుంచి పక్షుల అభయారణ్యం. అంటే అటవీ శాఖ ఉంది, మత్స్య శాఖ ఉంది, హద్దు అవతల మళ్లీ వాళ్ల శాఖలు. ఇంతమంది కాపలాదారులున్నా సన్నకన్ను వల మార్కెట్లో మీటరు లెక్కన దొరుకుతూనే ఉంది.

టర్కీలో అలన్యా అని ఒక రేవు ఉంది. అక్కడి జాలర్లు సెప్టెంబరులో చీట్లు వేసుకుని, వల వేసే చోట్లు పంచుకునేవారు. రోజుకో చోటు తూర్పుకు జరిగి, జనవరి నుంచి పడమరకు తిరిగేవారు. మంచి చోటు అందరికీ దక్కేది. ఎవడైనా వంతు తప్పి వస్తే ఆ రోజు వంతున్నవాడే పట్టుకునేవాడు, పోలీసుతో పని లేదు. ఇలాంటి ఉమ్మడి కట్టుబాట్లను పరిశీలించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

పళవేర్కాడు అల్లుడు
సార్, టర్కీ దాకా ఎందుకు? మా అత్తగారి వైపు, తమిళనాడు ఒడ్డున, ‘పాడు’ అనే వంతుల పద్ధతి ఉంది. ముఖద్వారం దగ్గర రొయ్య దిగే చోట్లకు ఊళ్లవారీగా వంతులు, వంతులకు చీట్లు. ఒకసారి మామయ్యతో పడవలో వెళ్లాను. చీకట్లో కొయ్యలు పాతి, పాటు ఎదురుగా వల కట్టి కూర్చున్నాం. నీళ్లు ఎప్పుడు తిరిగాయో నాకు తెలియలేదు. ఆయన మాత్రం కొయ్య మీద చెయ్యి వేసి, "లాగుతోంది" అన్నారు.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. పాడు చూసుకునేది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నంతవరకే. ఎంత పట్టాలి, వల కన్ను ఎంతుండాలి అన్నది దాని పని కాదు. మీ అలన్యా కూడా అంతే, గొడవలు తగ్గుతాయి గానీ రొయ్య పెరగదు. పైగా ఊళ్లో మగపిల్లలు పెరిగేకొద్దీ వంతు దూరమవుతుంది. ఎప్పుడో వచ్చే ఒక్క రాత్రికి పెద్దకన్ను వల వేసి చిన్నవి వదిలేయమంటే ఎవరు వింటారు? సావుకారు అడ్వాన్సు తలమీద ఉంటుంది.

దొరవారిసత్రం
అల్లుడు గారూ, నేనూ అదే కదా చెప్పింది! వల కన్ను సంగతి ప్రభుత్వమే చూడాలి.

కాలువగట్టు
ప్రభుత్వం చూస్తే ఒడ్డున నాలుగు వలలు తగలబెట్టి ఫొటో దిగుతారు. కాపులు దురాయి వేస్తే, అంటే ఇది చేయకూడదని కట్టుబాటు పెడితే, ఊరు ఊరంతా వింటుంది, తప్పినవాడు జరిమానా కట్టాల్సిందే. సన్నకన్ను మీద దురాయి వేయమనండి, నేను మొదట ఒప్పుకుంటా. అటు వైపు పడవలు హద్దు దాటి రాకుండా మాత్రం సర్కారు చూసుకోవాలి. మేం వదిలిన పిల్లను వాళ్లు ఎత్తుకుపోతే మా ఇంట్లో ఆడవాళ్లే నవ్వుతారు.

తడ రేవతి
ఇంతసేపూ వల ఉన్నవాళ్ల మాటే వింటున్నాను. వల లేనివాళ్లు ఉన్నారు కదా. మన వైపు యానాదులు, అటు ఇరులర్లు అనే గిరిజనులు. మొలలోతు బురదలో కూర్చుని చేతులతో తడిమి రొయ్య పట్టి, మెడకు తగిలించుకున్న బుట్టలో వేస్తారు. వాళ్లకు పాడులో చీటీ లేదు. వేట ఆపితే మొదట పస్తుండేది వాళ్లే. కాలువగట్టు తమ్ముడూ, దురాయి వేసే రోజు వాళ్లలో ఒక్కరినైనా కూర్చోబెడతారా?

కాలువగట్టు
అక్కా, మాకు గుడి ముందు అరుగు ఉంది, అక్కడే తీర్పులు. యానాది కాలనీవాళ్లు వస్తారు, దూరంగా నిలబడతారు. కూర్చోవడం నేనైతే చూడలేదు. దురాయి మాత్రం వాళ్లకూ వర్తిస్తుంది. మీరడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. మా చిన్నాన్న కాపుల్లో ఒకడు, అడుగుతా. తిడతాడు.

లెక్కలపంతులు
అడగండి. ఏమన్నాడో ఇక్కడ రాయండి, తిట్లతో సహా.

ఇంతకీ దొరవారిసత్రం గారూ, ఆ గోరంత రొయ్యలు కొన్నారా, వదిలేసి వచ్చారా?

దొరవారిసత్రం
అరకిలో కొన్నానండీ. ఇంట్లో చింతచిగురు ఉంది మరి.