టంకం పెట్టిన భాగాలను పౌడర్ కోటింగ్ ఓవెన్‌లో పెట్టవచ్చా?

పటమట అంబాసిడర్:
పాత అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించే పనిలో ఉన్నాను. టంకంతో అతికిన రేడియేటర్, పెట్రోలు ట్యాంకు, ఇత్తడితో అతికిన బ్రాకెట్లు అన్నింటికీ పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి ఓవెన్‌లో కాల్చే పూత) వేయిద్దామని ఆటోనగర్‌లో అడిగితే, కోటింగ్ షాపు వారు ఏమీ కాదంటున్నారు, టింకరింగ్ మేస్త్రి మాత్రం టంకం కారిపోతుందంటున్నారు. ఎవరి మాట వినమంటారు?

గుంటూరు గ్యారేజ్:
మేస్త్రి భయం అనవసరమండి. ఓవెన్ 200 డిగ్రీలు చూపించినా భాగం లోపల ఉండేది కాసేపే, అంతలో అతుకు దాకా ఆ వేడి ఎక్కదు. ఇత్తడితో అతికిన బ్రాకెట్లు మా దగ్గర ఎన్నో చెక్కుచెదరకుండా బయటికి వచ్చాయి.

గవర్నర్‌పేట పాతబండి:
గుంటూరు వారి ఉదాహరణ నిజమే కానీ, అది టంకానికి వర్తించదు. బ్రేజింగ్‌లో, అంటే ఇత్తడితో అతికేటప్పుడు, వాడే కడ్డీ కరగాలంటే 850 డిగ్రీలు దాటాలి కాబట్టి ఓవెన్ వేడి దాన్ని ఏమీ చేయలేదు. 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం కలిపిన టంకమైతే 183 దగ్గరే కరగడం మొదలై, 190 కల్లా నీరైపోతుంది. సీసం పాలు 80 దాకా పెంచినా పూర్తిగా కరిగే వేడి పెరుగుతుందే తప్ప, మొదలయ్యేది ఆ 183 దగ్గరే. ఇక వేడి అతుకు దాకా ఎక్కదన్న వాదన అసలు నిలవదు: పొడి కరిగి గట్టిపడాలంటే ఓవెన్‌లోని గాలి కాదు, లోహమే ఆ వేడికి చేరి కొన్ని నిమిషాలు అక్కడే నిలవాలి కనుక, అతుకు చల్లగా ఉందంటే దాని మీద కోటింగ్ పచ్చిగా మిగిలిందనే అర్థం.

ఏ అతుకో తేలకపోతే రంగు గీకి, చాకు మొన ఆనించి చూడండి. బూడిద తెలుపుగా, మెత్తగా చెక్కు లేస్తే టంకం. పసుపుగా మెరిసి చాకు జారిపోతే ఇత్తడి. ఇత్తడి అతుకు మీద, అతికేటప్పుడు వాడిన వెలిగారం గాజు పెంకులా మిగిలి ఉంటే వేడి నీళ్లలో నానబెట్టి తీయించండి, లేకపోతే అక్కడ కోటింగ్ పట్టదు.

గుంటూరు గ్యారేజ్:
150 డిగ్రీలకే గట్టిపడే పొడులున్నాయి కదండీ, వాటితో టంకం కరగదు.

గవర్నర్‌పేట పాతబండి:
కరగదు, ఒప్పుకుంటాను. అయితే ఆ వేడిలో టంకం బలం చాలావరకు పోతుంది, ఓవెన్‌లో కొక్కేనికి వేలాడే ట్యాంకు బరువేమో ఆ సన్నటి అతుకుల మీదే పడుతుంది. పైగా మడతల్లో ఇంకిన పెట్రోలు ఆవిరితో ట్యాంకును ఓవెన్‌లోకి పంపడం ప్రాణాలతో చెలగాటమే. రేడియేటర్‌కు మందపు పూత వేస్తే వేడి సరిగా బయటికి పోదు, పల్చటి నల్ల రంగు చాలు.

పటమట అంబాసిడర్:
అయితే బ్రాకెట్లే పంపుతాను. ఒకదాని మూల బూడిద రంగు అతుకు బయటపడింది, దాన్ని తీయించి ఇత్తడి పెట్టిస్తాను.

గవర్నర్‌పేట పాతబండి:
టంకం ఆనవాలు లేకుండా గీయించండి, సీసం మిగిలిన చోట ఇత్తడి సరిగా పట్టదు.