బోరు చుట్టూ ఇంకుడు గుంత: కేసింగుకు రంధ్రాలు వేయాలా, వద్దా?

కళ్యాణదుర్గం_ఎర్రనేల: బోరు 340 అడుగులు, కేసింగు (పై మట్టి కూలకుండా బోరులో దించిన పీవీసీ గొట్టం) 40. మార్చికల్లా నీళ్లు సగానికి పడిపోతున్నాయి. పైనుంచి ఆరెకరాల వాననీరు బోరు పక్కనుంచే వంకలోకి పోతుంది. గుంత కొలతలు, రాళ్లూ ఇసుకా ఎంతెంత పోయాలో చెప్పండి.

రాళ్లగుంత: 10 అడుగుల పొడవు, వెడల్పు, లోతు. జేసీబీని కేసింగుకు రెండడుగుల అవతలే ఆపి, మిగతా మట్టి పారలతో తీయించండి. బకెట్ తగిలితే పీవీసీ పగులుతుంది, బురద నేరుగా బోరులో పడుతుంది. గుంతలో ఉన్న కేసింగుకు కింది ఆరడుగుల మేర 5 మి.మీ. రంధ్రాలు, రెండంగుళాలకొకటి చొప్పున. దానిమీద నైలాన్ దోమతెర రెండు చుట్లు చుట్టి తాడుతో బిగించాలి. అడుగున 4 అడుగులు గుండురాళ్లు, పైన 2 అడుగులు 40 మి.మీ. కంకర, ఒక అడుగు 20 మి.మీ. కంకర, తెర పరిచి 2 అడుగులు ముతక ఇసుక. ఆ తెర మరిస్తే ఒక్క వానకే ఇసుక రాళ్ల సందుల్లోకి జారిపోతుంది. కేసింగు నేలకు రెండడుగులు పైకి ఉండి, మూత గట్టిగా ఉండాలి.

ఒండ్రు_లెక్క: అసలు పని గుంతలో లేదు, దాని ముందు తీసే ఒండ్రు గుంతలో ఉంది. 6×6 అడుగులు, 4 అడుగుల లోతు. పెద్ద గుంతలోకి వెళ్లే ఆరంగుళాల పైపు ఒండ్రు గుంత పై అంచుకు అడుగు కిందే ఉండాలి. అప్పుడు మట్టి అడుగున ఆగి తేటనీరు దాటుతుంది. దున్నిన నేలమీద పడే తొలకరి నీళ్లు ఎర్రటి బురదే కాబట్టి పైపు మూసి వంకలోకి వదిలేయండి.

పాతబోరు: నడుస్తున్న బోరు కేసింగుకు రంధ్రాలు పెట్టడానికి నేను ఒప్పుకోను. మన గ్రానైటు నేలలో నీళ్లుండేది సన్నటి పగుళ్లలో. అందులో ఒండ్రు పేరుకుంటే కంప్రెసరు పెట్టి ఊదించినా పూర్తిగా రాదు. పొలం మందులు, ఎరువులు కూడా వడపోత లేకుండా దిగుతాయి. ఆ నీళ్లు తాగుతుంటే అసలు వద్దు. 15 అడుగుల అవతల ఇదే గుంత తీయండి, కేసింగు జోలికి పోకుండా. నింపడం నిదానమవుతుంది, బోరు మాత్రం భద్రం. లేదా ఎండిపోయిన బోరుంటే రంధ్రాలు దానికి వేయండి.

రాళ్లగుంత: ఎండిన బోరయితే నాకూ అభ్యంతరం లేదు. కానీ ముందు ట్యాంకరుతో చూసుకోవాలి. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు దాదాపు ఆరున్నర లీటర్లు పడతాయి. అంటే 300 అడుగుల ఖాళీ బోరు నిండడానికే 2,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరులో తొలి రెండు వేలు గుటుక్కున తాగిందని మురిసిపోకండి. ఆ తర్వాతా దిగుతుంటేనే పగుళ్లు తెరిచి ఉన్నట్టు. మట్టం పైనే నిలిచిపోతే గుంత ఖర్చు దండగ.

కళ్యాణదుర్గం_ఎర్రనేల: ఎండినది ఒకటుంది, 200 అడుగుల దూరంలో. దానికి వేస్తే నడిచే బోరుకు నీళ్లొస్తాయా?

పాతబోరు: రెండింటి పగుళ్లు కలిసుంటే వస్తాయి. వానకు ముందూ తర్వాతా నడిచే బోరులో నీటిమట్టం కొలవండి, మోటారు ఆపిన రాత్రి గడిచాక, పొద్దున్నే. అదే పగుళ్లు పక్కవాళ్ల బోరుకూ పోవచ్చు, అది తప్పదు.

చిట్టా_నీళ్లు: ఆశ ఎంత పెట్టుకోవాలో లెక్క చూద్దాం. ఆరెకరాల మీద 25 మి.మీ. వాన అంటే సుమారు 6 లక్షల లీటర్లు. అందులో 15 శాతం పారినా 90 వేలు. నిమిషానికి 150 లీటర్ల మోటారు ఆరు గంటలు నడిస్తే 54 వేలు తోడేస్తుంది. చుక్క వృథా కాకుండా ఇంకినా, ఒక మంచి వాన రెండు రోజుల పంపింగుకు కూడా చాలదు. ఎకరా వరికి 1,200 మి.మీ. నీళ్లనుకుంటే దాదాపు 48 లక్షల లీటర్లు. అనంతపురంలో ఏడాది వానే సగటున 550 మి.మీ. దగ్గర. కాబట్టి బోరు కింద వరి ఉంటే ముందు అది మానాలి, గుంత సంగతి తర్వాత. ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ (ఆంధ్రప్రదేశ్‌లో రైతులే భూగర్భజలాలను చూసుకునే పద్ధతి) ప్రాజెక్టులో రైతులు చేసింది ఇదే: పదిహేను రోజులకోసారి బోరు మట్టం రాసుకుని, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్లకు తగ్గ పంటలు లెక్కగట్టడం.

ఒండ్రు_లెక్క: ఇంకొకటి. ఏటా జూన్‌కు ముందు గుంతలో పై ఇసుక మూడంగుళాలు గీకి, కొత్తది పోయండి. పైన సన్నమట్టి పొర కడితే నీళ్లు గుంతలోనే నిలబడి ఎండకు ఆవిరైపోతాయి. ఒండ్రు గుంత మాత్రం ప్రతి పెద్దవాన తర్వాత తోడాలి. సగం నిండాక ఇక అది మట్టిని ఆపదు.