సోంపేట - నౌపడ మధ్య తెల్లకన్ను బాతు: ఏ నీళ్లలో, ఏ వేళ వెతకాలి?

పలాస_వలసపిట్ట:
జనవరి రెండో వారంలో మూడు రోజులు తెల్లకన్ను బాతు (ఇంగ్లిష్‌లో ఫెర్రుజినస్) కోసమే తిరగాలని ఉంది. శ్రీకాకుళం జిల్లా బారువ బీచ్‌లో మొదలుపెట్టి, మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే మొగ, నౌపడ ఉప్పుమడులు చూసుకుంటూ భావనపాడు దాకా వెళ్లాలని ఆలోచన. 8×42 బైనాక్యులర్ ఉంది, స్కోపు అద్దెకు తెస్తాను. ఈ దారి సరైనదేనా? టఫ్టెడ్ బాతు పెట్టని చూసి ఇదేనని పొరబడకుండా ఏం గమనించాలి?

బీలగట్టు:
బారువ ఇసుక మీంచి చూస్తే దొరకదండి. ఇది అలల మీద తేలే బాతు కాదు. లోతు తక్కువగా ఉండి, అడుగున నాచు, అంచున జమ్ము, తుంగ, అక్కడక్కడా కలువాకులు ఉన్న మంచినీళ్లు కావాలి దానికి. అంటే ఇసుక దిబ్బల వెనకున్న బీల (చిత్తడి) నేలలు, తంపర అనే తీరపు చిత్తడిలో వాననీళ్లు నిలిచిన భాగాలు, తోటల మధ్య ఊరచెరువులు. మొగ దగ్గర సూదితోక బాతులు, విజియన్ బాతులు కనిపించవచ్చు. చూడండి గానీ మూడు రోజుల్లో ఒక పూటకి మించి పెట్టకండి. ఉప్పు గట్టిపడే మడులను పూర్తిగా వదిలేయండి, వాటిలో బాతుకి మేత ఉండదు. గుర్రపుడెక్క నిండా కమ్మేసిన చెరువు కూడా దండగే, మునిగి మేసే బాతుకి తెరపి నీళ్లుండాలి.

వేళ గురించి. ఇది ఎక్కువగా తెల్లవారుజామున, మునిమాపు వేళ, రాత్రి మేస్తుంది. పగలు జమ్ము నీడకి చేరిపోతుంది. సూర్యోదయానికి ముందే గట్టు మీదుండాలి. మన తీరం తూర్పు ముఖం కాబట్టి పొద్దున సముద్రం వైపు గట్టున నిలబడి పడమరకి చూడండి, ఎండ వీపున పడుతుంది. సాయంత్రం రోడ్డు వైపు గట్టు నుంచి. ఇది తిరగబడితే ప్రతి బాతూ నల్ల బొమ్మలా కనిపిస్తుంది, రంగు తేలదు. మంచు పట్టిన రోజు అది విడిచేదాకా ఓపిక పట్టాల్సిందే. ఆ తర్వాత తొమ్మిదిన్నరకల్లా నీటి మీద ఎండసెగ మొదలై స్కోపులో బొమ్మ వణుకుతుంది, అప్పుడు 60 రెట్లు పెట్టినా లాభం లేదు, 25 - 30 దగ్గరే ఉంచండి.

తెలుకుంచి_తీరం:
గుర్తింపు నేను చెబుతాను. మగదానికి తల, రొమ్ము, పక్కలు ముదురు చెస్ట్‌నట్ (ఎర్రగోధుమ) రంగు, కన్ను తెలుపు. పెట్ట కాస్త మాసిన గోధుమ రంగులో ఉంటుంది, కన్ను నలుపు. టఫ్టెడ్ పెట్టకి కన్ను పసుపు. వెలుగు బాగుంటే ఈ ఒక్కటే చాలు. దూరమైతే తల ఆకారం చూడండి: ఫెర్రుజినస్ నడినెత్తి గోపురంలా లేస్తుంది, టఫ్టెడ్‌కి వెనక చిన్న జుట్టు ఉంటుంది. ముక్కు కొసన నలుపు ఫెర్రుజినస్‌కి గోరంత మాత్రమే, టఫ్టెడ్‌కి వెడల్పుగా ఉంటుంది.

అందరూ తోక కింది తెలుపు చూసి తేల్చేస్తారు. అక్కడే తప్పు జరుగుతుంది. కొన్ని టఫ్టెడ్ పెట్టలకీ అక్కడ తెలుపుంటుంది, కాకపోతే అంచు చెదిరినట్టుంటుంది. ఫెర్రుజినస్‌కి సున్నం పూసినట్టు గీత గీసి ఉంటుంది. ఎగిరినప్పుడు రెక్క మీది తెల్లపట్టీ దాదాపు కొస దాకా సాగుతుంది. బేర్స్ పోచార్డ్ అనే మరో బాతుకీ తోక కింద తెలుపే. 2012 నుంచి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా లెక్కిస్తోంది. దాని పక్కల ముందు భాగంలో తెలుపు నీటి మట్టానికి పైన కనిపిస్తుంది, మగదాని తల మీద ఆకుపచ్చ మెరుపుంటుంది. అలాంటిది కనిపిస్తే పేరు తర్వాత, ముందు ఫొటో.

పలాస_వలసపిట్ట:
అర్థమైంది సార్. బొల్లికోళ్ల గుంపులో ఒక్కటే ఉంటే ఎలా పట్టుకోవాలి?

బీలగట్టు:
గుంపుని ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకి ఒకసారి చూడండి. మునిగింది పది, ఇరవై సెకన్లు కనిపించదు కాబట్టి ఒక్కసారి చూసి లేదనేయడం తొందరపాటు. తర్వాత జమ్ము అంచుని అరచేయంత అరచేయంతగా వెతకండి. స్టాండు కాళ్లు పొట్టిగా పెట్టి సంచి వేలాడదీస్తే సముద్రపు గాలికి ఊగదు.

గట్టు మీద మనిషి ఎత్తుగా కనిపిస్తే బాతులు దూరం నుంచే లేస్తాయి. మొగలి పొద వెనక కూర్చోండి. ఒకసారి లేచిన ఈ బాతు ఆ పూట అదే చెరువుకి తిరిగి రావడం తక్కువ.

తెలుకుంచి_తీరం:
ఆ వారంలో ఆసియా నీటిపక్షుల గణన కూడా జరుగుతుంటుంది. కాబట్టి లెక్క, టైము, చెరువు పేరు, నీటి మట్టం రాసుకోండి, పక్షుల నమోదు సైట్ ఈబర్డ్‌లో ఎక్కించేటప్పుడు కన్ను రంగు తప్పకుండా రాయండి. ఫొటోలో పక్క నుంచి ఒకటి, రెక్క విప్పినప్పుడు ఒకటి ఉంటే ఇక వాదన ఉండదు. వలలు, ఉచ్చులు పన్నిన చెరువైతే చోటు పేరు వెంటనే బయట పెట్టకండి, అటవీ శాఖ వాళ్లకి చెప్పండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ వేట నేరం.